చోట్లు చూసే మా తమ్ముడు

పోయిన నెల బాపట్ల నుంచి ఫోను వచ్చేసరికి నేను తెనాలిలో, మా చర్చి స్త్రీల ప్రార్థన కూటంలో ఉన్నాను. పక్కింటి అమ్మాయి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. ఆమె నోరు విప్పకముందే నాకు తెలిసింది. మా తమ్ముడు ఇక లేడు. నాకంటే ఐదేళ్ళు చిన్న.

మీలో కొందరికి అతను బాపట్లలో ఫోటో స్టూడియో నడిపిన మనిషిగానే తెలుసు. అంతకుముందు, ఎనభైల్లో, చిన్న సినిమాలకు చోట్లు చూసిపెట్టేవాడు. సెట్లు వేసుకునే స్తోమత లేని కంపెనీలవి. బస్టాండు, స్టేషను, కాలవ వంతెన, ఏది కుదిరితే అక్కడ తీయాలి. మగమనిషి ఒక్కడే గంటసేపు దిక్కులు చూస్తుంటే అనుమానిస్తారని, బడి సెలవుల్లో నన్ను వెంట తీసుకెళ్ళేవాడు. నేను టీచరుని. పిల్లల తల్లిదండ్రులెవరైనా చూసి అడిగితే ఏం చెప్పాలా అని లోపల దడగా ఉండేది. బైబిలున్న సంచి పట్టుకుని కూర్చునేదాన్ని.

అతని పద్ధతి ఒకటే. ఏ చోటైనా ముందు గంట కూర్చోవాలి. ఎండ ఎటు జరుగుతుందో గొడుగు నీడతో చూసుకునేవాడు. అక్కడ బతికేవాళ్ళని పలకరించేవాడు. "ఇంటికైతే తలుపు కొడతాం గదక్కా. వీధికి తలుపు లేదు, అంతే" అనేవాడు. ఒకసారి బాపట్ల రైలు గేటు దగ్గర కానిస్టేబులు వచ్చి నిలదీశాడు. తమ్ముడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ మనిషి టోపీ సర్దుకుని, తను కూడా సినిమాలో పడతాడా అని అడిగాడు.

ఒక వేసవిలో రేపల్లె స్టేషను చూడాల్సి వచ్చింది. భర్త ఎక్కిన రైలు కదిలిపోతుంటే హీరోయిన్ ప్లాట్‌ఫాం మీద ఏడవాలి. చెబితే జనం మూగుతారని, కెమెరా దాచి, ఎవరికీ చెప్పకుండా తీయాలని డైరెక్టరు పట్టుదల. తమ్ముడు అప్పటికే రెండు చోట్లు కుదరవన్నాడు. మూడోది కూడా కుదరదంటే వేరే పని చూసుకోమన్నారు. సాయంత్రం నాలుగింటికి తెనాలి బస్టాండులో జవాబు చెప్పాలి. ఇంట్లో భార్య, ఇద్దరు పసిపిల్లలు. పొద్దున్నించీ మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

రైలు కదిలే వేళకి, "అక్కా, ఆ బల్ల దగ్గర నిలబడి ఏడుస్తున్నట్టు కొంగు మొహానికి అడ్డం పెట్టుకో. ఎవరన్నా తిరిగి చూస్తారేమో చూస్తా" అన్నాడు. అబద్ధమే గదా అని మనసు పీకింది. క్షమించు ప్రభువా అనుకుని కొంగు అడ్డం పెట్టుకున్నాను.

నిమిషం కాలేదు. ఒక తడిచెయ్యి నా భుజమ్మీద పడింది. రొయ్యల గంపతో తెనాలి మార్కెట్టుకని రైలెక్కబోతున్న పెద్దావిడ, గంప దించేసి వచ్చింది. "ఏంటి తల్లీ, ఎవరెళ్ళిపోతన్నారు? ఏడవమాక. నేనున్నాగా" అంది. ఆవిడ నన్ను వదల్లేదు. ఈలోగా రైలు వెళ్ళిపోయింది.

తమ్ముడు పరుగెత్తుకొచ్చి, చేతులు జోడించి నిజం చెప్పాడు.

ఆవిడ మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "సినిమా కోసమా? ఏడుపు బాగానే ఉంది. ఈ ఎండకి నా రొయ్యలు ఆగుతయ్యా?" అంది.

తమ్ముడు గంప తలకెత్తుకున్నాడు. బస్టాండు దాకా దాదాపు పరుగే. మొదటి కండక్టరు వాసనొస్తుందని ఎక్కనివ్వలేదు. రెండో బస్సు ఎంతకీ రాదు. రొయ్యలు పాడవుతాయేమోనని ఆవిడ, నాలుగు దాటిపోతుందేమోనని నేను. అతను తువ్వాలు తడిపి గంప మీద కప్పుతూనే ఉన్నాడు. రెండో కండక్టరుని బతిమాలి, దారంతా గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నేను కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. రొయ్యల కోసమో, అతని పని కోసమో నాకే తెలియదు.

తెనాలిలో దిగేసరికి నాలుగున్నర. డైరెక్టరు బస్టాండు గేటు దగ్గరే ఉన్నాడు. చోటు కుదిరిందా అని అడిగాడు. కుదిరిందని ఒక్క మాటంటే చాలు.

గంప తలమీద ఉండగానే తమ్ముడు చెప్పాడు. "చోటు బాగుంది సార్. చెప్పి తీస్తే కుదురుద్ది. చెప్పకుండా అయితే కుదరదు. అక్కడ ఎవరన్నా ఏడిస్తే జనం రైళ్ళు వదిలేసుకుంటారండి."

ఆ కంపెనీ వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఇంకెవరూ పిలవలేదు. స్టూడియో నిలదొక్కుకునేదాకా ఆ ఇంట్లో కష్టమే. నేను ఆ దొంగ ఏడుపుకి ఒప్పుకోకుండా ఉంటే ఆ పని నిలిచేదేమోనని ఏళ్ళ తరబడి మథనపడ్డాను. అతని చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఆ మాటే అంటే, "ఆవిడ పట్టించుకోకుండా రైలెక్కిపోయుంటే అప్పుడు బాధపడాలక్కా" అన్నాడు.

ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే ఆ సాయంత్రమే కనబడుతోంది. డైరెక్టరు ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. "మార్కెట్టు మూసేస్తారండి" అని తమ్ముడు నడిచాడు. వెనకాల ఆవిడ. తెల్లచొక్కా వీపు మీదికి రొయ్యల నీళ్ళు కారుతున్నాయి. బస్టాండులో జనం ముక్కులు మూసుకుని, పక్కకు జరిగి, దారిచ్చారు.