బ్రూక్లిన్ పిచర్ కార్డు

దమయంతికి బేస్‌బాల్ ఆట పెద్దగా తెలియదు. ఎవరు ఎందుకు పరుగెత్తుతారో చెప్పమంటే ఇప్పటికీ తడబడుతుంది. కానీ నూట పదేళ్ల కిందటి బేస్‌బాల్ కార్డు చేతిలో పెడితే, అది అసలుదో నకిలీదో ఆమె అంత నమ్మకంగా చెప్పగలిగేవాళ్లు పిస్కాటవే చుట్టుపక్కల తక్కువ.

ఆమెది నూజివీడు. పెళ్లయ్యాక న్యూజెర్సీలోని ఈ పిస్కాటవే వచ్చి, పంతొమ్మిదేళ్లుగా ఒక మందుల కంపెనీ క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తోంది. ఎనిమిదేళ్ల క్రితం కూతురు దేదీప్య కాలేజీ గదిలోకి కుర్చీ కొందామని, ఇంటి ముందు పాత సామాన్లు పెట్టి అమ్మే ఒక గరాజ్ సేల్‌కి వెళ్లింది. కుర్చీ దొరకలేదు. బల్ల చివర రేకు డబ్బాలో చిన్న చిన్న బొమ్మల కార్డులు కనిపించాయి. ముందువైపు టోపీ పెట్టుకున్న ఆటగాడు, వెనకవైపు సిగరెట్ల ప్రకటన. ఆ రోజుల్లో సిగరెట్ పెట్టెకో కార్డు చొప్పున పెట్టి అమ్మేవాళ్లని ఆ ఇంటావిడ చెప్పింది. దమయంతికి నవ్వొచ్చింది. చిన్నప్పుడు అన్నతో పోటీపడి అగ్గిపెట్టెల మీది బొమ్మలు చించి, నోటుపుస్తకంలో అన్నం మెతుకులతో అతికించిన మనిషి ఆమె. డబ్బా కొనేసింది.

"కుర్చీ ఏదీ?" అన్నాడు భర్త రఘు.

"ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేద్దాంలెండి. ముందు ఇవి చూడండి."

పక్క ఊరి చర్చి బేస్‌మెంట్‌లో నెలకో శనివారం కార్డులు సేకరించేవాళ్లు కలుస్తారని తెలిసి అక్కడికి వెళ్లింది. గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన, "యోగా క్లాస్ పైన మ్యామ్," అన్నాడు. ఆమె మాట్లాడకుండా హ్యాండ్‌బ్యాగ్‌లోంచి రేకు డబ్బా తీసి చూపించింది. ఆయన పేరు స్టాన్లీ. రిటైరైన పోస్ట్‌మన్, అప్పటికే డెబ్బై దాటినవాడు. ఆ రోజే కుర్చీ లాగి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కార్డును అంచులతో ఎలా పట్టుకోవాలో, అరిగిన మూలలు కనబడకుండా మోసగాళ్లు ఎలా కత్తిరిస్తారో ఆయనే నేర్పాడు. అన్నం మెతుకుల సంగతి చెబితే చెవులు మూసుకున్నాడు. దమయంతి అనే పేరు నోరు తిరగక 'డామీ' అని పిలిచేవాడు.

స్టాన్లీ దగ్గర ఒక కార్డుంది. బ్రూక్లిన్ జట్టుకు బంతులు విసిరిన ఒక పిచర్ బొమ్మ. అలాంటివి దేశం మొత్తం మీద పదో పన్నెండో మిగిలాయంటారు. 1987లో కారు అమ్మేసి మరీ కొన్నాడట. ఆరు నెలలు బస్సులో తిరిగానని నవ్వుతూ చెప్పేవాడు.

కిందటి ఏడాది అక్టోబర్‌లో ఆ ఊరి లైబ్రరీ పాత ఆటవస్తువుల ప్రదర్శన పెట్టింది. స్టాన్లీతో సహా సంఘంవాళ్లు ఇచ్చిన కార్డులన్నీ ఒకసారి పరీక్షించి, వివరాలు రాసిపెట్టమని దమయంతిని అడిగారు. ఆమె తన యూవీ లైట్ పట్టుకెళ్లింది. ఆ కాలపు కాగితంలో తెల్లదనం కోసం ఇప్పటిలా రసాయనాలు కలిపేవారు కాదు. అందుకే అసలు కార్డు ఆ వెలుతురులో మసకగా ఉండిపోతుంది. ఈ మధ్య చేసిన కాగితం మాత్రం సబ్బుపొడితో ఉతికిన తెల్లచొక్కాలా మెరుస్తుంది.

నలభై కార్డుల్లో ఒక్కటే మెరిసింది. బ్రూక్లిన్ పిచర్.

బల్బు మార్చి మళ్లీ చూసింది. మందం కొలిచింది. భూతద్దంలో అచ్చు చుక్కలు చూసింది. అసలు కార్డులతో ఏదీ సరిపోలేదు.

"రెండు వారాల ఎగ్జిబిషన్ కోసం స్టాన్లీతో గొడవ ఎందుకు? ఆయనకి ఎనభై వస్తున్నాయి. వదిలెయ్," అన్నాడు రఘు ఆ సాయంత్రం.

"ల్యాబ్‌లో బ్యాచ్ ఫెయిలైతే, చేసినవాళ్లు మంచివాళ్లని పాస్ చేస్తామా? నా చేత్తో లేబుల్ రాయాలండీ. అసలుదని ఎలా రాయను?"

మర్నాడు లంచ్ టైమ్‌లో లైబ్రరీ నుంచి కార్డు తీసుకుని స్టాన్లీ ఇంటికి డ్రైవ్ చేసుకుని వెళ్లింది. వంటింటి బల్ల మీద కార్డు పెట్టి, కర్టెన్లు దించి, లైట్ వేసి చూపించింది. ఆయన కార్డును వెలుతురులో అటూ ఇటూ తిప్పాడు.

"నీ లైట్ తప్పేమో," అన్నాడు చివరికి.

"మూడుసార్లు చూశాను స్టాన్లీ. మీ ఇంకో కార్డు పక్కనే పెట్టి చూపిస్తాను."

"కార్డు పట్టుకోవడం కూడా రాని దానివి నువ్వు! నేను నేర్పితే కదా!" ఆయన లేచి కర్టెన్ ఎత్తేశాడు. "వెళ్లు డామీ. ఇంక వెళ్లు."

కార్లో కూర్చున్నాక ఆమెకి ఏడుపొచ్చింది. ఆయన అన్న మాట నిజమే. ఆయన నేర్పకపోతే ఆ తేడా ఆమె కంటికి ఆనేదే కాదు.

లైబ్రరీవాళ్లకు మాత్రం సొంతదారు కార్డు వెనక్కి తీసుకున్నాడని చెప్పి ఊరుకుంది. స్టాన్లీ ప్రదర్శనకు రాలేదు. శనివారాలు రావడమూ మానేశాడు. క్రిస్మస్‌కి ఏటా ఇచ్చినట్టే సున్నుండలు చేసి గుమ్మం దగ్గర పెట్టొచ్చింది. జవాబు లేదు. ఆయన రాకపోవడానికి ఆమే కారణమని బేస్‌మెంట్‌లో కొందరు ఆమెతో ముభావంగా ఉన్నారు. అయినా ఆమె వెళ్తూనే ఉంది.

మార్చిలో ఒక శనివారం స్టాన్లీ రెండు ఆల్బమ్‌లు మోసుకుంటూ వచ్చాడు. ఆమె బల్ల ముందు ఆయాసంతో కూర్చున్నాడు.

"అన్నీ చూడు," అన్నాడు. "పిల్లలకి చెత్త ఇచ్చి పోలేను."

"కాఫీ తాగుతారా ముందు?"

"ముందు చూడు. ఆ ఉండలు అయిపోయాయి. అదీ చెప్పాలనుకున్నా."

నూట ఆరు కార్డులకు మూడు శనివారాలు పట్టింది. మరో రెండు నకిలీవని తేలాయి. మిగతావన్నీ అసలైనవే. ఒక్కోటి తేలినప్పుడల్లా ఆయన పక్కకు తిరిగి ముక్కు తుడుచుకునేవాడు. బ్రూక్లిన్ పిచర్ కవర్ మీద తన చేత్తోనే 'నకిలీ' అని రాసి, కొత్తగా చేరేవాళ్లకి చూపించడానికి సంఘానికి ఇచ్చేశాడు.

ఇప్పుడు ఇతర ఊళ్లవాళ్లు కూడా దమయంతి దగ్గరికి కార్డులు తెస్తున్నారు. ఖరీదు మాత్రం ఆమె చెప్పదు. మొన్న ఆగస్టులో ఒక నర్సు తన తాతగారి కార్డని చెప్పి ఒకటి తెచ్చింది. లైట్ కింద పెట్టగానే మెరిసింది. దమయంతి నోరు విప్పేలోపే స్టాన్లీ లేచాడు. ఆ అమ్మాయికి కుర్చీ లాగి, "ఇలా కూర్చో తల్లీ, నేను చెబుతాను," అన్నాడు.