తాళాలమ్మ ప్లేట్లు

ఆ ల్యాబ్‌లో ఆమెను కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఎవరూ పిలవరు. తాళాలమ్మ అంటారు, అదీ వెనకాల. సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తోంది, ఇది నాలుగో ఏడు. బల్ల సొరుగుకి తాళం, గోడ అరకి తాళం, చివరికి గాజు సామాను దాచుకున్న డబ్బాకి కూడా ఓ బుల్లి తాళం. తాళంచెవుల గుత్తి మెడలో గుర్తింపు కార్డుతోపాటు వేలాడుతూ ఉంటుంది. బట్టలు కుట్టే వాళ్ళమ్మ తన కత్తెరను పక్కింటావిడని కూడా ముట్టుకోనివ్వదు. కూతురికి ఆ బుద్ధి అక్కడినుంచే అబ్బింది.

అలాంటి మనిషి ప్లేట్లు వరసగా మూడుసార్లు చెడిపోతే ఊరుకుంటుందా?

పని చెప్పడానికి తేలికే. గుండ్రటి ప్లేట్లలో క్రిములకి మేత పోసి గడ్డకట్టిస్తారు. దాని మీద క్రిములున్న నీళ్ళు ఓ చుక్క వేసి, వంచిన గాజుకడ్డీతో పలచగా పరిచి, వెచ్చటి ఇంక్యుబేటర్‌లో పెడతారు. మర్నాటికి ఎన్ని బతికాయో చుక్కలు చుక్కలుగా కనిపిస్తాయి. తాళాలమ్మకి చక్కటి పసుపు చుక్కలు రావాలి. వాటి మధ్య తెల్లగా, ముడతలు పడి, పాకుతూ ఇంకేదో లేచింది. నెలాఖరులోగా శుభ్రమైన లెక్కలు గైడు మేడం చేతిలో పెట్టకపోతే గడువు తీరిపోతుంది, నాలుగేళ్ళ చాకిరీ మట్టిపాలవుతుంది.

ఆమె బుర్ర చకచకా పనిచేసింది. కడ్డీ తగలని ఖాళీ ప్లేట్లు రెండు పక్కన పెట్టి చూసింది, అవి శుభ్రంగానే ఉన్నాయి. అంటే మేతలో దోషం లేదు. తన చేతిలో దోషం ఉండే ప్రశ్నే లేదు. ఇక మిగిలింది పరాయి చెయ్యి.

ఆ చెయ్యి ఎవరిదో వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేదు. పక్క బల్లే. అక్కడ కూర్చునే అమ్మాయి ఎప్పుడూ ఏదో పాట గొణుక్కుంటుంది కాబట్టి ఆమెకి కూనిరాగమని పేరు పడింది. ఇద్దరూ ఒకే ఏడు చేరారు, ఒకే ఇంక్యుబేటర్ వాడతారు. కూనిరాగం ప్లేట్లు మాత్రం ముత్యాల్లా వస్తున్నాయి. పైగా రోజూ పొద్దున్నే, "ఈసారన్నా బాగా వచ్చాయా?" అని పరామర్శ ఒకటి. ఏమీ ఎరగని మనిషికి అంత ఆరా ఎందుకట?

ఓ సాయంత్రం తాళాలమ్మ ఇంక్యుబేటర్‌లో ఉన్న తన ప్లేట్ల దొంతర మీద ఒక తలవెంట్రుక అడ్డంగా అతికించి వెళ్ళింది. పొద్దున చూస్తే వెంట్రుక లేదు. దొంతర ఎడమ నుంచి కుడికి జరిగి ఉంది.

"నా ప్లేట్లు జరిపావా?"

"జరిపాను. నావి పట్టలేదు," అంది కూనిరాగం.

"మూతలు తీశావా?"

కూనిరాగం పాట ఆగిపోయింది. "ఏమడుగుతున్నావో నీకు తెలుస్తోందా?"

సూటిగా జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేసింది, ఇంకేం కావాలి? తాళాలమ్మ తిన్నగా గైడు మేడం గదికి వెళ్ళి ఉన్నదీ అనుకున్నదీ కలిపి చెప్పేసింది. సంగతి తేలేదాకా లోపలికి రావద్దని ఆవిడ కూనిరాగం దగ్గరున్న ల్యాబ్ తాళంచెవి తీసుకుని, చదువుగదిలో కూర్చోమంది. కూనిరాగానికీ అదే నెలాఖరు గడువు.

వారం గడిచింది. పక్క బల్ల ఖాళీగా ఉంది. తాళాలమ్మ నాలుగోసారి క్రిములు పరిచింది. పొద్దున తీసి చూస్తే అదే తెలుపు, అవే ముడతలు. అయినా బుద్ధి మారితేనా? చూపు సీసాలు కడిగే బాబాయి మీదికి మళ్ళింది.

"బాబాయ్, నా సామాను దేంతో కడుగుతున్నావ్?"

ముప్పై ఏళ్ళుగా ఆ తొట్టి దగ్గర నిలబడ్డ మనిషి. చేతులు తుడుచుకుని తాపీగా అన్నాడు. "అందరి స్పిరిట్ సీసాలూ వారానికోసారి నా దగ్గరికొస్తాయమ్మా. పాతది పారబోసి కడిగి ఇస్తాను. నీ సీసా మొహం చూసి ఏడాదైంది."

నిజమే. గాజుకడ్డీని స్పిరిట్‌లో ముంచి, మంటకి చూపించి వాడటం అక్కడి పద్ధతి. అందరూ వాడే స్పిరిట్ మీద నమ్మకం లేక తాళాలమ్మ తన సీసాని అరలో పెట్టి తాళం వేసుకుంది. తగ్గినప్పుడల్లా పైన కొత్తది పోసిందేగాని ఏడాదిగా అడుగు ఖాళీ చెయ్యలేదు. స్పిరిట్‌కి కూడా చావకుండా గట్టి పెంకులో ముడుచుకుని పడుకునే క్రిములుంటాయని మొదటి ఏడు పిల్లలకి పాఠం చెప్పింది తనే. అవే కడ్డీకి అంటుకుని, ఒక్క క్షణం మండి ఆరిపోయే మంటనీ తట్టుకుని, మేత తగలగానే నిద్ర లేస్తున్నాయి.

కొత్త కడ్డీ తీసుకుని ఆ స్పిరిట్ చుక్కని ఖాళీ ప్లేటు మీద పరిచింది. మర్నాటికి ప్లేటంతా తెల్లటి ముడతలే. ఎవరైనా కావాలని సీసాలో కలిపారేమోనని అప్పుడు కూడా కాసేపు ఆశపడింది, సిగ్గులేకుండా. కానీ ఆ అరకి ఉన్నది ఒకే తాళంచెవి, అది తన మెడలోనే ఉంది.

సీసా మార్చేసి నోరు మూసుకుంటే? గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. లెక్కలు వచ్చేస్తాయి, ఎవరికీ తెలియదు. చెబితే మాత్రం ఏడాదిగా ఆ సీసాతో చేసిన పనంతా మేడం మళ్ళీ చెయ్యమంటుంది. మధ్యాహ్నం దాకా తాళాలమ్మ బల్ల దగ్గరే కూలబడి ఉండిపోయింది. తర్వాత ఆ ప్లేటు పట్టుకుని చదువుగదికి వెళ్ళింది.

కూనిరాగం కిటికీ పక్కన ఊరికే కూర్చుని ఉంది. ప్లేటు చూసింది, చెప్పిందంతా మధ్యలో అడ్డురాకుండా విన్నది.

"నన్ను క్షమించవే," అంది తాళాలమ్మ. "ముందు నీకే చెప్పాలనిపించింది."

"నాకెందుకు? నేను చెయ్యలేదని నాకు ముందునుంచీ తెలుసుగా." కూనిరాగం ప్లేటు తిరిగి ఆమె చేతిలో పెట్టింది. "నేను చేశానని ఎవరికి చెప్పావో ఆవిడకి చెప్పు."

తాళాలమ్మ పై అంతస్తులో ఉన్న మేడం గదికి వెళ్ళి, ప్లేటుతోపాటు ఏడాది లెక్కలున్న పుస్తకం కూడా గైడు మేడం బల్ల మీద పెట్టింది. సంగతి విని మేడం పుస్తకం తెరవబోయింది.

"అది తర్వాత చూద్దురుగాని మేడం," అంది తాళాలమ్మ. "ముందు ఆమె తాళంచెవి ఇచ్చెయ్యండి. కింద కూర్చుని ఉంది."