ఎనుక బరువు, ముందల సకినాలు

నిన్నటి సంగతి మీకింకా ఎవ్వలు చెప్పలే కదా? అయితే నేనే చెప్త. మా ఆయన చెప్తే నా పరువు మిగలది. ఒకటి మాత్రం ముందుగాల్నే అంటున్న: కారు తప్పు కాదు, ట్రాలీ తప్పు కాదు, నా తప్పు అసలే కాదు!

నేను మందమర్రిల పిండివంటల ఆర్డర్లు తీస్కుంట, మీకు ఎర్కే కదా. ఆసిఫాబాద్‌ల ఒక పెండ్లి. పెండ్లిపిల్ల తల్లి సరోజ సారెకు సకినాలు, లడ్డూలు చెప్పింది. అక్కడనే వేడివేడిగ బజ్జీలు కూడ ఏసియ్యాలె. నాకిదే మొదటి పెద్ద ఆర్డర్. సారెల పెట్టే సకినం నిండుగ, గుండ్రంగ ఉండాలె. ఇరిగిందనుకో, పిల్లగాని దిక్కోళ్లు మూతి ముడుస్తరు. ఇగ ఆ ఊర్లె నన్ను మళ్ల ఎవ్వలు పిలువరు!

"ట్రాలీ ఆటో మాట్లాడుత, నువ్వు పరేషాన్ గాకు" అన్నడు మా ఆయన. నాకు మండింది. మొన్ననే కారు ఎనుక కొక్కెం పెట్టిచ్చి, రెండు చక్రాల చిన్న ట్రాలీ కొన్న. "కొన్నది ఇంటి ముందట పెట్టుకొని చూసుకుంట కూసోనికా? నేనే తీస్కపోత!" అన్న. ఆయన డ్యూటీకి పోయిండు.

మా బాపు తోడు వస్తనన్నడు. ఒకప్పుడు ఎడ్లబండి కట్టిండు, తర్వాత ట్రాక్టర్ నడిపిండు. నేను సకినాల గంపలు మూడు ట్రాలీల ముందల పెట్టిన. లడ్డూ డబ్బాలు, ఇనుప మూకుళ్లు, గ్యాస్ పొయ్యి అన్ని ఎనుక. పోంగనే మొదలు దించేటివి అవే కదా! తెలివంటే గిట్లుండాలె అనుకున్న.

బాపు చుట్టు తిరిగి చూసిండు. "బిడ్డా, బరువు ముందల పెట్టు. ఎనుక పెడితే కాడి లేస్తది, బండి మాట ఇనది."

"బాపూ, గిది ఎడ్లబండి కాదు. కారు!"

"ఎనుక ఉన్నది రెండు చక్రాలే కదా బిడ్డా."

నేను ఇనలే.

బెల్లంపల్లి దాటేదాక ఏం కాలే. రోడ్డు సాఫ్‌గ దొరికింది, ఎనబై మీద పోతున్న. అద్దంల చూస్తే ట్రాలీ కుడికి ఊగుతున్నది, ఎడమకు ఊగుతున్నది! కారును కూడ గుంజుతున్నది! "బాపూ!" అని మొత్తుకున్న.

"బ్రేకు తొక్కకు! స్టీరింగ్ సక్కగ పట్టు, కాలు మెల్లగ తియ్!"

తీసిన. స్పీడ్ తగ్గి, ఊగుడు తగ్గి, ఎట్లనో పక్కకు ఆపిన. ఒక లారీ ఆయన పోతుపోతు, "అక్కా, అది బండా ఊయలా?" అన్నడు. కార్ల బాపు ఉన్నడు, ఏమన్న అయితే? మస్తు భయమైంది. గా ఒక్క నిమిషం నా పొగరంత దిగింది. ఒక్క నిమిషమే!

గంపలు ఇప్పి చూసిన. ఒకటి మంచిగనే ఉన్నది. రెండిట్ల సకినమన్నదే లేదు, అన్ని తునకలే. బాపు మూకుళ్లు, డబ్బాలు ముందలికి జరిపి తాడుతోని గట్టిగ కట్టిండు. అక్కడ్నుంచి యాబై మీద పోయినం. ట్రాలీ కుక్కపిల్ల లెక్క సక్కగ ఎనుక వచ్చింది. దాన్ని చూస్తే నాకు ఇంకింత మండింది.

పెండ్లింటికి పోయినంక చూస్తే, మంచి గంప సారెకు సరిపోయింది. సరోజ రెండో గంప తెరిచి, "ఏందక్కా గిది?" అని నోరు తెరిచింది.

నేను తగ్గుతనా? "పండ్లు లేని పెద్దమనుషులు ఉంటరు కదా చెల్లె. వాళ్లకోసం నేనే ఇరిసి తెచ్చిన. స్పెషల్!"

బాపు గట్టిగ దగ్గిండు.

పిల్లగాని నాయనమ్మ ముందలికి వచ్చి ఒక పిడికెడు నోట్లె ఏసుకున్నది. "అబ్బ! ఇన్నేండ్లల్ల నా పండ్ల గురించి ఒక్కలన్న సోచాయించిండ్రా? బిడ్డా, వచ్చే నెల నా మనుమరాలి పెండ్లి. నాకు గివే కావాలె. గంపెడు తేవాలె, నిండు సకినం ఒక్కటి ఉండొద్దు!"

తిరిగి వచ్చేటప్పుడు స్టీరింగ్ మీద చెయ్యి ఏసి దర్జాగ అన్న, "చూసినవా బాపూ? ఇంకో ఆర్డర్ పట్టిన!"

"చూసిన బిడ్డా" అన్నడు బాపు, కిటికీ దిక్కు చూసుకుంట. "వచ్చే నెల మాత్రం నా మాట ఇనకు. బరువంత ఎనుకనే పెట్టు."