రామప్ప వేసిన అతుకు

ఎమ్మిగనూరులో కంప్యూటర్లు బాగుచేసేవాళ్లం ముగ్గురం ఉన్నాం. మిగతా ఇద్దరికీ ఓపిక ఉంది, నాకు పని వచ్చు. ఈ మాట నేనే అనుకుంటున్నానని నవ్వుకుంటే నవ్వుకోండి. నా పేరు లేవి. మా గుడి వీధిలో, అంటే చర్చి వీధిలో, నన్ను కోపం లేవి అంటారు. "ఏం చెయ్యల్యాన్నా, ఊరికే ఉండంగానే పోయింది" అని ఇరవై ఏళ్లుగా వింటుంటే ఎవరికైనా కోపం వస్తుంది. ఊరికే ఉంటే ఏదీ పోదు. ఎవరో ఏదో చేసే ఉంటారు. వాళ్లు చెప్పరు, నేను కనుక్కోవాలి. నా బతుకంతా ఇదే.

ఇది రామప్ప సంగతి. నేతగాళ్ల వీధిలో ఇంకా గుంత మగ్గాలు ఆడుతున్న ఇళ్లు పదో పన్నెండో మిగిలాయి. వాటిలో రామప్పది ఒకటి. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టి, బక్కపలచన. పదకొండో ఏట వాళ్ల నాయన పక్కన గుంతలోకి కాళ్లు వదిలి కూర్చున్నాడు, ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉన్నాడు. అడిగినదానికి జవాబు చెప్తాడు, అడగనిది చెప్పడు. భార్య తిమ్మమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతుంది, మొగుడు మాట్లాడాల్సిన మాటలు కూడా తనే మాట్లాడుతుంది. వాళ్లకు ఒక్కతే కూతురు శివలీల.

ఆ పిల్లను రామప్ప మగ్గం మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. "ఈ గుంతలో కాళ్లు పెట్టేది నాతోనే సరి" అని కనపడినవాళ్లందరికీ చెప్పేవాడు. ఎక్కువ మాట్లాడని మనిషి ఒకే మాట పదిసార్లు చెప్తే వినాలి. ఆదోనిలో డిగ్రీ చదివించాడు. చదువయ్యాక రెండేళ్లు ఎవరూ పిలవలేదు. వీధిలో వాళ్లు "చదివి ఏం జేసింది, కండెలన్నా చుట్టకపాయె" అన్నారు. ఆఖరికి పోయిన జనవరిలో బెంగుళూరు కంపెనీ ఒకటి తీసుకుంది. ఆసుపత్రి బీమా గురించి ఫోన్ చేసేవాళ్లకు జవాబు చెప్పే పని. మా వైపు కన్నడం కూడా ఇంట్లో మాటే కాబట్టి రెండు భాషలూ వచ్చిన పిల్ల వాళ్లకు దొరికింది. ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు. లాప్‌టాప్ పంపారు, పక్కన ఏ చప్పుడున్నా అవతలివాళ్లకు వినపడని హెడ్‌ఫోన్ పంపారు.

షరతులు కూడా పంపారు. వైఫై పనికిరాదు, వైరు మీదే పనిచెయ్యాలి. ఈ లాప్‌టాప్‌లు పలచబడిపోయి వైరు గుచ్చే చోటు లేకుండా వస్తున్నాయి కదా, అందుకని పక్కన తగిలించే చిన్న అడాప్టర్ ఇచ్చారు. మొదటి ఆరు నెలల్లో నెట్ పోయి మాట మధ్యలో కాల్ తెగితే వార్నింగ్. మూడు వార్నింగులైతే ఇంటికే. ఇంట్లోనే ఉన్న పిల్లను ఇంకెక్కడికి పంపుతారో నాకు తెలీదు గానీ, కాగితంలో అట్లే రాశారు.

వైరు నేనే లాగాను. వీధి స్తంభం నుంచి బయట గోడమీది నెట్ డబ్బా దాకా ఒకటి, డబ్బా నుంచి మగ్గం సాలలో దూలం వెంబడి లోపలి గదికి ఇంకొకటి. మధ్యలో అతుకు లేకుండా ఒకే ముక్క. నెలరోజులు ఒక్క కాల్ కూడా తెగలేదు. శివరాత్రికి రెండు రోజుల ముందు మొదటిది తెగింది, మొదటి వార్నింగ్ వచ్చింది.

రామప్ప నాకు ఫోన్ చేసింది శివరాత్రి మర్నాడు, అమావాస్య రోజు. అమావాస్యనాడు నేతగాళ్లు మగ్గం ముట్టరు. చేతిలో పని లేదు కాబట్టి ఆ రోజు పిలిచాడు. పోయాను.

"వైరు యాడన్నా తెగిందా అన్నా? ఎవరన్నా కదిలించినారా?" అని ముందుగా అడిగాను.

"ల్యా. యాడా తెగల్యా" అన్నాడు రామప్ప.

"ఆ వైరును దేవుని మాదిరి చూసుకుంటాండాం లేవప్పా. బూజు దులపాలన్నా నాకు భయమే" అంది తిమ్మమ్మ.

సరేనని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కరెంటు మిగల్చడానికి కంప్యూటరు తనంతట తానే అడాప్టర్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు ఒకటి ఉంటుంది. దాన్ని తీసేశాను. డ్రైవర్ తీసి మళ్లీ వేశాను. కొసన వైరు గుచ్చే ప్లగ్గు కోసి కొత్తది వేశాను. వేగం వెయ్యి చూపాల్సింది వంద చూపించింది. అడాప్టర్ ముట్టుకుంటే వెచ్చగా ఉంది. రెండు గంటలు చూశాను, ఒక్కసారి కూడా నెట్ తెగలేదు. అడాప్టర్‌లోనే ఏదో వదులుగా ఉంది, మార్చమని కంపెనీకి చెప్పమన్నాను. ఆ మాట అంత ధీమాగా ఎందుకన్నానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

శివలీల నా మాటే కంపెనీకి రాసింది. వాళ్లు కొత్త అడాప్టర్ పంపారు. అది తగిలించిన నాలుగో రోజు మాలూరు నుంచి ఒక ముసలాయన తన ఆపరేషన్ సంగతి అడుగుతుంటే మధ్యలో కాల్ తెగింది. రెండో వార్నింగ్. "మేం పంపిన సామాను బాగానే ఉంది, లోపం మీ ఇంట్లోనే ఉంది" అని రాశారు.

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నువ్వు అడాప్టరే అంటివి గదన్నా. ఇంగ నాకు ఒక్కటే మిగిలుండాది. సోమవారం నుంచి ఎట్ల కూర్చోవాల?" అని మాత్రం అంది. అప్పుడు శనివారం సాయంత్రం.

నేను ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టను. మా నాయన పట్టనివ్వలేదు, నాకూ అలవాటైపోయింది. కానీ ఆ ఆదివారం గుడి నుంచి ఇంటికి కూడా పోకుండా తెల్లచొక్కాతోనే రామప్ప ఇంటికి పోయాను. సిగ్గు వేసింది, అందుకే పోయాను.

ఈసారి ఎవరి మాటా నమ్మదలచుకోలేదు. దారిలో నా షాపు తెరిచి పనిసంచీ, వైరు చుట్టా, నా పాత లాప్‌టాప్ తీసుకుపోయాను, దానికి వైరు గుచ్చే చోటు దానిలోనే ఉంది. బయట డబ్బా దగ్గరే తగిలించి గంటసేపు చూశాను. రాయిలాగా నిలబడింది. లోపలి గదిలో వైరు కొసకు తగిలించాను. పావుగంటలో మూడుసార్లు పోయింది. అంటే ఆ పిల్ల లాప్‌టాప్‌కు ఏ రోగమూ లేదు, అడాప్టర్లు రెండూ పాపం ఎరగవు. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికానన్నమాట.

అక్కడే నేల మీద కూర్చుని తెర చూస్తున్నాను. సాలలో రామప్ప నేస్తున్నాడు. మగ్గం దెబ్బ పడుతోంది, దూలం సన్నగా అదురుతోంది. నాకు ఒళ్లు మండింది, రామప్ప మీద కాదు, నా మీదే.

"అన్నా, మగ్గం ఆపు" అని అరిచాను. ఆపాడు. పది నిమిషాలు నెట్ చెక్కుచెదరలేదు. "ఆడించు" అన్నాను. రెండు నిమిషాలకే పోయింది.

అమావాస్యనాడు వచ్చి, ఆగిపోయిన మగ్గం కింద కూర్చుని, అంతా బాగుందని చెప్పి పోయిన మొనగాణ్ణి నేను.

రామప్ప విషయం విన్నాడు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెను పక్కన పెట్టేశాడు. "అయితే పాప డ్యూటీలో ఉండేటప్పుడు నేను నెయ్యను" అన్నాడు. పిల్ల డ్యూటీ పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా. ఇంక నేసేది ఎప్పుడు? మనిషి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"రోగం యాడుండాదో తెలీకుండానే కాలు నరుక్కుంటావా?" అని కసిరి నిచ్చెన వేసుకున్నాను.

దూలం వెంబడి చూసుకుంటూ పోయాను. కంటికి ఏమీ కనపడలేదు. వేళ్లతో తడుముతూ పోతే, సరిగ్గా మగ్గం పైన, ఒక చోట వైరు రవ్వంత లావుగా తగిలింది. పైన తెల్ల నూలు చుట్టి ఉంది. ఒక చుట్టు మీద ఇంకో చుట్టు ఎక్కకుండా చుట్టారు. గంజి పెట్టి ఆరబెట్టారు కూడా.

"ఈ దారం ఏందన్నా?"

"అదా. ఎలక కొరికిండె. నేనే అతికినా" అన్నాడు రామప్ప, కింద నుంచి తలెత్తి.

"తెగల్యా అంటివే నాతో!"

"తెగింది యాడుండాదప్పా, అతికినా గదా."

తిమ్మమ్మ మొగుణ్ణి చూసి "నాకన్నా చెప్పల్యే!" అంది. ఆయనకు మా కోపం అర్థం కాలేదు. రోజుకు వంద పోగులు తెగుతాయి, వంద అతుకుతాడు. ఏ నేతగాడూ అది ఇంట్లో చెప్పుకోడు. తెగి అలాగే ఉంటే తప్పు, అతికితే అది నిండు పోగే. శివరాత్రి ముందు ఆదివారం తల్లీకూతుళ్లు ఆదోని పోయినప్పుడు ఎలుక కొరికింది చూసి, అరగంటలో అతికి, మళ్లీ గుంతలో కూర్చున్నాడు.

నూలు విప్పి చూశాను. నా ఇరవై ఏళ్లలో అంత ముచ్చటైన తప్పు చూడలేదు. లోపలి ఎనిమిది తీగలూ రంగుకు రంగు కలిపాడు. ఒక్కటి కూడా తారుమారు కాలేదు. కొత్త పడుగును పాత పడుగుకు అతికేటట్టు రాగిని రాగితో పురిపెట్టి, ఒక్కో అతుకు మీద విడివిడిగా నూలు చుట్టాడు. అంతకుముందు ఆ తీగలకు ఉన్న మెలికలన్నీ జానెడు పొడవున విప్పి, దువ్వి, పడుగు పరిచినట్టు పక్కపక్కన పరిచాడు.

ఆ ముక్క కోసుకుని కిందికి దిగి ఆయన చేతిలో పెట్టాను. "అన్నా, ఇవి జోడీజోడీగా మెలికలు పడే ఉండాల. మెలిక విప్పితే ఒకదాని మాట ఇంకోదాంట్లో కలుస్తాది. దానికితోడు వట్టి పురి గదా, మగ్గం అదిరినప్పుడల్లా అతుకు కదులుతా రోజురోజుకూ వదులైతాండాది."

రామప్ప ఆ ముక్కను వేళ్లతో అటూ ఇటూ తిప్పాడు. "మెలిక ఉంటే పోగు నిలబడతాదా యాడన్నా?" అన్నాడు. నలభై ఎనిమిదేళ్లు మెలికలు విప్పిన మనిషి మరి.

"నీ పోగు నిలబడదు. ఇది నిలబడతాది."

ఆ ముక్కను కింద పెట్టి అడిగాడు. "అయితే పాపకు పడిన రెండూ నా చేతివేనా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఎలుక మీదికి తోసెయ్యొచ్చు. ఆ పూట నాకు తోచలేదు. "మొదటిది నీది. రెండోదాంట్లో సగం నాది" అన్నాను.

గుమ్మంలో నిలబడ్డ శివలీల అంతా వింది. తండ్రి మాత్రం ఆమె వైపు చూడలేదు.

పాత వైరు పీకేసి కొత్తది లాగాను. ఇరుగుపొరుగు గోడలు కలిసిపోయిన ఇల్లు, ఇంకో దారి లేదు, మళ్లీ ఆ దూలం వెంబడే. వేగం వెయ్యి చూపింది. గంటసేపు మగ్గం ఆడించి చూద్దామన్నాను. రామప్ప గుంతలోకి దిగనన్నాడు. పోగును బిగించడానికి కొట్టే పలక పట్టుకుని నేనే ఊరికే దబదబా కొట్టాను. నెట్ పోలేదు.

"చూడన్నా, ఏం కాల్యా."

"అమావాస్య రోజు గూడా నువ్వు ఏం కాల్యా అంటివి" అన్నాడు.

ఊళ్లో ఇంకెవరన్నా ఆ మాట అంటే సంచి సర్దుకుని వచ్చేవాణ్ణి. ఆయన అన్నాడని మరుసటిరోజు పొద్దున్నే మళ్లీ పోయాను.

తొమ్మిదికి శివలీల లోపలి గదిలో కూర్చుంది. రామప్ప గుంతలోకి కాళ్లు వదిలి, చేతులు ఒళ్లో పెట్టుకుని, మగ్గం ముందు కూర్చున్నాడు. నాడె ముట్టలేదు. నేను రెండుసార్లు చెప్పాను. తిమ్మమ్మ అయితే బతిమాలింది, తిట్టింది, మళ్లీ బతిమాలింది. ఆ చేతులు కదల్లేదు. సాలలో అంత నిశ్శబ్దం నేను అమావాస్యనాడు తప్ప వినలేదు.

పదిన్నరకు ఒక కాల్ వచ్చింది. శివలీల కన్నడంలో మాట్లాడుతోంది. తలుపు తీసే ఉంది. మాట్లాడుతూనే తండ్రి వైపు చూసి, నెయ్యమని చేత్తో సైగ చేసింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. మళ్లీ సైగ చేసింది. మళ్లీ ఊపాడు. "ఒందు నిమిష, సార్" అని, అవతలివాళ్లకు తన మాట వినపడకుండా మ్యూట్ నొక్కి, కుర్చీలోంచి లేచింది.

"నాయనా, నెయ్యి."

"వద్దు తల్లీ. ఒక్కటే మిగిలుండాది."

"నీ చెయ్యి కట్టేసి నేను జేసే పని నాకొద్దు. పోతే పోనీ. నువ్వు నెయ్యి."

మళ్లీ కూర్చుని, కాల్ తెరిచి, వదిలినచోట నుంచి మాట అందుకుంది. అవతల ఎవరో తెలీదు, ఏ కాగితం పంపాలో ఎట్లా పంపాలో నిదానంగా చెప్తోంది.

రామప్ప నాడె తీసుకున్నాడు. మొదటి దెబ్బ ఎంత మెల్లగా వేశాడంటే నాకే వినపడలేదు. రెండోది వేసి కూతురి మొహం చూశాడు. ఆమె మాట ఆగలేదు. మూడోది వేశాడు, నాలుగోది వేశాడు. దూలం అదరడం మొదలైంది. ఇరవై రెండు నిమిషాలు ఆ కాల్ నడిచింది. ఆఖరికి "ధన్యవాద" అని ఆమె పెట్టేసింది.

శివలీల గుమ్మం దాకా వచ్చి, "తెగల్యా, నాయనా" అంది.

కన్నీళ్లు పడితే పడుగు మీద గంజి పాడవుతుందని రామప్ప మొహం పక్కకు తిప్పుకుని ఏడ్చాడు. మగ్గం మాత్రం ఆపలేదు.