గుట్ట మీద గంజి పెట్టిన నాడు

మొన్న మా కోడలు ఫోన్ చూస్తూ, హోలీ సెలవులకు గుట్టల మీదికి పోదామంది. అక్కడ వసంతం చాలా బాగుంటుందట. ఫోటోలు కూడా చూపించింది. నేను రానంటే రానని మొండికేశాను. మోకాళ్ల నొప్పులనుకుంది పాపం. మోకాళ్లు బాగానే ఉన్నాయి. గుట్ట మీది వసంతంతోనే నాకు పాత పగ ఉంది, దాన్ని కోడలికి ఏమని చెప్పను?

ఎనభైల చివర్లో మా ఆయనకు నల్లమల మీది ఒక ఊరి బడిలో పంతులు ఉద్యోగం వచ్చింది. గద్వాలలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన నేను, మగ్గం విప్పి కట్టలు కట్టి, లారీలో వేసుకుని ఆ గుట్ట ఎక్కాను. చలికాలం ఎట్లాగో గడిచింది. ఫాల్గుణం రాగానే మొదలైంది అసలు వేషం. తెల్లవారుజామున రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడేవి. పది గంటలకల్లా ఎండ నెత్తి మీద మొట్టేది. మంచుకు తడిసిన గుమ్మం మధ్యాహ్నానికి బీటలు వారేది, నా పెదవులూ అంతే. చెట్లన్నీ ఆకులు రాల్చి బోసిగా నిలబడేవి, ఆ రాలిన ఆకంతా మా వాకిట్లోకే వచ్చేది. మా గద్వాలలో ఎండ అంటే ఎండే, పొద్దున లేస్తే ఆ రోజు ఎట్లా ఉంటుందో తెలిసిపోతుంది. ఇక్కడి వాతావరణానికి నీతి లేదనేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. బళ్లో నీడన కూర్చునే మనిషి నవ్వక ఏం చేస్తాడు!

ఉగాది దాటాక మా చెల్లెలి పెళ్లి. మా ఇంట్లో పెళ్లికూతురి చీర అంగట్లో కొనే అలవాటు లేదు, తల్లి నేసి ఇవ్వాలి. మా అమ్మ అప్పటికే పోయింది, కాబట్టి ఆ చీర నా వంతు. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. పసుపు రంగు అద్దిన నూలు పడుగు గద్వాల నుంచి తెచ్చుకున్నాను. నిలువు పోగులైన ఆ పడుగును ఆరుబయట బారుగా సాగదీసి, గంజి పట్టించి, ఆరనిచ్చాకే మగ్గానికి ఎక్కించాలి. మా వీధిలో ఎవరి పడుగు సాగినా పదిమంది వచ్చి చెయ్యేసేవారు. గుట్ట మీద నాకున్నది మా ఆయన ఒక్కడే.

పక్క గూడెం చెంచు అవ్వ ఒకామె రోజూ చల్ల కోసం మా ఇంటికి వచ్చేది. ముందురోజు నా ఏర్పాట్లు చూసి చెప్పింది: "బిడ్డా, రేపు ఇప్పచెట్ల కింద ఆకు కాలుస్తం. పొద్దెక్కినంక గాలి గిటే వస్తది. జర నీ నూలు లోపట్నే ఉంచుకో." పువ్వు రాలే ముందు చెట్టు కింద ఆకు కాల్చి శుభ్రం చేసుకుంటేనే వాళ్లకు పువ్వు దక్కుతుంది. నాకు అదంతా ఎందుకు? "పొద్దెక్కేదాంక ఎవరుంటరు అవ్వా! మా దిక్కు సూర్యుడు మొఖం చూపేసరికి గంజి ఆరి, పడుగు ఇంట్లకొస్తది" అన్నాను గొప్పగా.

కోడి కూయకముందే లేచి గంజి పట్టించాను. సూర్యుడు మొఖం చూపించాడు కానీ గంజి ఆరలేదు. మంచు కురిసి ముందటికన్నా తడిగా ఉంది. తడి పడుగును చుడితే పోగులన్నీ అంటుకుపోతాయి. ఎండ రానిద్దామని కూర్చున్నాను. ఏడయింది, ఎనిమిదయింది. తొమ్మిదికి ఎండ వచ్చింది, ఎండ వెనకాలే గాలీ వచ్చింది. కాలిన ఆకుల తునకలు, బూడిద, ఎగురుకుంటూ వచ్చి ఆ తడి గంజి మీద వాలాయి. చేత్తో దులిపితే నల్లటి చారలయ్యాయి. కడుగుదామని నీళ్లు పోస్తే పోగులు చిక్కులు పడ్డాయి. మా ఆయన పడుగు సాగదీసిన కర్ర కొస పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు, ఆయనకు వదలమని కూడా నేను చెప్పలేదు.

ఏడుస్తూనే గూడేనికి పరుగెత్తాను. నోటికొచ్చిన తిట్లన్నీ అవ్వను తిట్టాను. ఆమె చీపురు పక్కన పెట్టి, "నేను చెప్పిన గద బిడ్డా. నీ చీర కోసం పువ్వు రాలకుంట ఆగుతదా?" అంది. అది నిజం కావడం వల్ల నాకు ఇంకా మండింది. మర్నాటి నుంచి చల్ల పోయనన్నాను. ఆమె మళ్లీ మా గుమ్మం తొక్కలేదు. నేనూ పిలవలేదు. బుద్ధి తక్కువతనం నాదేనని ఈనాడు రాయగలుగుతున్నాను కానీ, ఆ గుట్ట దిగేదాకా ఒప్పుకోలేదు.

ఇంకో పడుగు తెప్పించి నేసే వ్యవధి లేదు. గద్వాలలో ఒకరింట సిద్ధంగా ఉన్న పసుపు చీర తీసుకుని, నేనే నేశానని చెల్లెలి చేతిలో పెట్టాను. అది చీర మడత విప్పింది. నూలూ పట్టూ కలిసే చోట పోగుకు పోగు మెలేసి కలుపుతాం కదా, అక్కడ వేలితో రాసి చూసింది. మగ్గం ఇంట్లో పుట్టిన పిల్ల, ఎవరి చెయ్యి ఎట్లా పడుతుందో దానికి తెలియదా?

"అక్కా, ఇది నీ చెయ్యి కాదు" అంది. "గుట్ట మీదికి పోయినంక నాకు ఒక్క చీర నేసే తీరిక లేకపాయెనా?"

బూడిద, గాలి, మంచు అన్నీ చెప్పాను. నమ్మలేదు. అబద్ధం ఒకసారి ఆడాక నిజానికి విలువేం ఉంటుంది? ఆ చీరే కట్టుకుని పీటల మీద కూర్చుంది, తలంబ్రాలప్పుడు కూడా నా వైపు చూడలేదు. ఆ తర్వాత దానికి పట్టుబట్టి నాలుగు చీరలు నేశాను. నాలుగూ కట్టుకుంది, బాగున్నాయంది. కానీ పెళ్లికూతురు ఆ ఒక్క పూటే పెళ్లికూతురు, తర్వాత ఎన్నేళ్లు మగ్గం మీద కూర్చున్నా ఆ పూటకు సరిపడే చీర నేయడం నా వల్ల కాలేదు.