హెలికాప్టరు వద్దన్న ఆదివారం

నన్ను ఒక్క మాట అడక్కుండా మా అమ్మ నన్ను హెలికాప్టరు ఎక్కించేసింది.

అప్పుడు నేను చెన్నైలో ఆర్మీ ఆఫీసరు ట్రైనింగులో ఉన్నాను. మాది నరసాపురానికి ఎదురొడ్డున, గోదావరికి కోనసీమ వైపు పల్లె. ట్రైనింగు చివర్లో ఎవరికి ఏ విభాగం కావాలో ఫారం గడుల్లో ఒకదాని కింద ఒకటి వరుసగా రాసివ్వాలి. హెలికాప్టర్లు నడిపే విభాగం కూడా ఉందని ఎప్పుడో ఫోన్లో మాటవరసకి అన్నాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఆ తర్వాతి ఆదివారమే అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేసింది. దేవుడు చేసిన మేలుని అందరి ముందూ నిలబడి చెప్పడాన్ని మా దగ్గర సాక్ష్యం అంటారు. చెయ్యబోయే మేలుకి ముందుగానే సాక్ష్యం చెప్పింది మాత్రం మా అమ్మ ఒక్కతే. అప్పట్నుంచి వారం వారం సంఘమంతా ప్రార్థనలో కళ్ళు మూసుకుని నన్ను గాల్లోకి లేపుతోంది.

సెలవులకి ఇంటికొచ్చేసరికి ఈ సంగతి తెలిసింది. రేవు దగ్గర చేపలమ్మే పిన్నిగారు బుట్ట దించి మరీ, "వందనాలమ్మా, మా ఇంటి మీదుగా ఎగిరినప్పుడు కాస్త కిందికి రావాలి, చూస్తాం" అంది. నాకు ఒళ్ళు మండింది. పాపం ఆవిడ తప్పేముంది.

ఇంట్లో అడుగుపెడుతూనే చెప్పేశాను. "నేను హెలికాప్టరు రాయడం లేదమ్మా. ఇంజనీర్ల విభాగం రాస్తున్నాను."

"అంటే ఏంటి?"

"సైన్యానికి దారి చేసేవాళ్ళు. నది అడ్డమొస్తే పడవలు కలిపి దానిమీద వంతెన వేస్తారు."

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "పడవలా? ఈ బురదలోంచి పైకి తేలతావని చదివించాం. మళ్ళీ పడవలేంటే? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి."

భీమవరం మావయ్య ఫోను చేసి, మిలిటరీలో చేరాక థ్రిల్ ఉన్నదే ఎంచుకోవాలి, జీవితానికి ఒక్కసారే వస్తుంది ఛాన్సు అన్నాడు. థ్రిల్ అంటే పైన ఉండేదేనని ఈయనకి ఎవరు చెప్పారో. ట్రైనింగులో ఒకరోజు మమ్మల్ని ఒక ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళారు. లారీల మీంచి పడవల్లాంటి ఇనప డొల్లల్ని నీళ్ళలోకి దించారు. ఒకదానికొకటి బిగించుకుంటూ పోయారు. చూస్తూ చూస్తూ ఉండగానే అవతలి ఒడ్డు తగిలింది. ఇంజను రొద చేసుకుంటూ ఒక ట్యాంకు దాని మీదుగా దాటిపోయింది. పక్కనున్న అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. నేను ఏడ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేదాన్ని కాదు.

మా రేవులో పంటు నడుస్తుంది. రెండు పడవల్ని పక్కపక్కన కట్టి పైన బల్లలు పరిచినదే పంటు. మనుషులు, బైకులు, కార్లు అన్నీ దాని మీదే దాటతాయి. నేను ఇంటర్ చదివేటప్పుడు వరదల్లో నాన్నకి పక్షవాతం వచ్చింది. వరద తీస్తూనే ఉంది, నీళ్ళు తగ్గుతున్నాయి గానీ పంటు వదలడానికి ఇంకా పర్మిషన్ రాలేదు. అంబులెన్సులో నాన్న, ఎదురుగా నరసాపురం. ఆ ఒడ్డున ఆసుపత్రికి వెళ్ళే ఆటోలు కూడా కనబడుతున్నాయి. చించినాడ వంతెన మీదుగా వెళ్దామంటే రోడ్డు మీద నీళ్ళు. ఆగుతూ, వెనక్కి తిరుగుతూ చేరేసరికి నాన్న కుడిచెయ్యి పోయింది, మూతి వంకర తిరిగింది. సంఘంలో పాట ఎత్తుకునే మనిషి ఆ తర్వాత నలుగురిలో నోరు విప్పలేదు. ఆ రోజు మాకు ఆకాశంతో పనేం లేదు. ఆ కాస్త నీళ్ళే అడ్డం. ఆ నీళ్ళ మీద నాకు ఇంకా కోపం తీరలేదు, తీరాలని కూడా లేదు.

ఆదివారం చర్చిలో పాస్టరు అయ్యగారు నా పేరు ఎత్తారు. "మన చెల్లి హెలికాప్టరు నడిపేలాగున ప్రార్థన చేద్దాం" అన్నారు. చాప మీంచి లేచాను. అమ్మ నా చెంగు పట్టుకుని లాగింది. విడిపించుకున్నాను.

"అయ్యగారూ, ఒక్క నిమిషమండి. ప్రార్థన మార్చాలండి. నాకు హెలికాప్టరు వద్దండి. నదుల మీద వంతెనలు వేసే పని కావాలండి. ప్రార్థిస్తే దానికి ప్రార్థించండి, లేదంటే మానేయండి."

అయ్యగారు నెమ్మదిగా, "దేవుని చిత్తం కోసం ఎదురుచూస్తూ కనిపెడదామమ్మా" అన్నారు.

"అలాగేనండి, కనిపెడదాం. కాకపోతే మొదటి గడిలో రాసేది నేనండి."

వెనక ఎవరో ముసుగులో నవ్వారు. అంతలో మగవాళ్ళ వైపు నుంచి వంకర మూతితో, ముద్ద ముద్దగా, కానీ గట్టిగా ఒక "ఆమెన్" వినిపించింది. చర్చిలో నాన్న గొంతు విని ఎన్నేళ్ళయిందో.

అమ్మ ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున నన్ను దిగబెట్టడానికి రేవుకి మాత్రం వచ్చింది. పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. అమ్మ నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.

"మీరేసే దాని మీద అంబులెన్సు ఎక్కుద్దా?"

"ట్యాంకులే ఎక్కుతాయమ్మా."

"ట్యాంకుల సంగతి నేనడగలేదు."

"ఎక్కుద్దమ్మా."

"వరదలోనో?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మరీ పోటెత్తి ఉంటే కష్టమేనమ్మా. కాస్త తీసిందంటే వేసేస్తారు."

 పంటు వచ్చి ఒడ్డుకి తగిలింది. నా బ్యాగు నేను ఎత్తేలోపే అమ్మ అందుకుని బల్ల మీదికి నడిచింది.

"ఆ రోజు తీసిందే కదే" అంది, వెనక్కి తిరక్కుండా. "అదే రాయి. దాని కింద ఇంకోటి రాసేవంటే ఊరుకోను."