డీఏపీ సంచిలో వచ్చిన మట్టి

మంగళవారం పదకొండింటికి ఎలిజబెత్ చేతిలోని గాజు గొట్టంలో నీళ్లు సిరా కలిపినట్టు ముదురు నీలంగా మారాయి. మట్టిలో భాస్వరం ఎంత ఉంటే రంగు అంత ముదురుతుంది. లెక్క తీస్తే ఎకరాకు తొంభై ఆరు కిలోలు. ఇరవై నాలుగు దాటితేనే ఎక్కువంటారు.

నరసరావుపేటలో డిగ్రీ రెండో ఏడాది కెమిస్ట్రీ చదువుతున్న ఎలిజబెత్, భూసార పరీక్షల ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కు చేరి మూడు వారాలైంది. అన్నాళ్లూ గాజుసామాను కడగడమే పని. సొంతంగా చేసిన మొదటి పరీక్ష ఇది.

"రంగు తేల్చే మందు ఎక్కువ పోసుంటావ్," అన్నాడు టెక్నీషియన్ అల్తాఫ్ తలెత్తకుండా. "మళ్లీ చెయ్. ఈసారీ ఇట్టాగే వస్తే సబ్బు ఎక్కడుందో తెలుసుగా."

మళ్లీ చేసింది. మళ్లీ తొంభై ఆరే. తప్పు తన చేతిలో లేదు. మరెక్కడుంది? మట్టి ఇచ్చిన నూజెండ్ల రైతు గోపాలకృష్ణయ్యకు ఫోన్ చేసింది.

"బాబాయ్, మాకిచ్చింది పాకెట్లో. పొలం నుంచి ఇంటికి దేంట్లో మోశారు?"

"డీఏపీ సంచిలో. శుభ్రంగా దులిపిందేలే తల్లీ. ఏంది, నా నేల బాగలేదా?"

"చానా బాగుంది బాబాయ్. అదే నా అనుమానం."

ఆమె డీఏపీ సంచి మాట చెప్పగానే అల్తాఫ్ పెన్ను కింద పెట్టాడు. "అది భాస్వరం ఎరువే కదా, సంచికి అంటుకున్న పొడే మట్టిలో కలిసింది. ఈ రిపోర్టు ఇచ్చుంటే ఆయన మిరపకు పిడికెడు డీఏపీ కూడా వేసేవాడు కాదు. గుడ్డసంచి తీసుకుని నువ్వే పో."

మర్నాడు మొదటి బస్సుకే బయల్దేరింది. పొలంలో పది చోట్ల ఆరంగుళాల లోతున తవ్వుతుంటే గోపాలకృష్ణయ్య వెనకే నడిచాడు.

"అక్కడెందుకు, ఇక్కడ తియ్. చెరువుమట్టి తోలింది ఇక్కడే, నల్లగా నిగనిగలాడతంది."

"పెళ్లిచూపులు కాదు బాబాయ్, మంచిదొక్కటే చూపించడానికి."

ఆయన నవ్వి పార అందుకున్నాడు. మిగిలిన నాలుగు గుంతలూ ఆయనే తవ్వాడు.

మట్టి నీడన ఆరేదాకా ఆమెకు కాలు నిలవలేదు. శుక్రవారం మధ్యాహ్నం గొట్టంలో లేత నీలం తేలింది. అల్తాఫ్ లేచి పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఎంత?"

"పద్నాలుగు, అన్నా."

ఆయన సబ్బు సంగతి ఎత్తలేదు. ఇంకో ఇరవై మూడు మట్టి పాకెట్లు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.